ఆరు తోడేళ్లు, ఆరు లెక్కలు: ఫాంటసీ ఆటల్లో ‘టైప్’, ‘సబ్‌టైప్’ ఎలా పనిచేస్తాయి?



హైస్కూల్ పిల్లల నోట ఈమధ్య ‘డి అండ్ డి’ అనే మాట తరచుగా వినిపిస్తోంది. పూర్తి పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. ‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్‌లో పిల్లలు బల్ల చుట్టూ చేరి ఆడేది ఈ ఆటే. అమెరికాలో ఉన్న పెద్దమ్మ పిల్లలో, బాబాయి పిల్లలో ఆడుతుంటే చూసి నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. పుస్తకం తెరిస్తే పేజీకో వింతజీవి, దాని పేరు కింద ‘అన్‌డెడ్’ అనో, ‘మ్యాజికల్ బీస్ట్, కోల్డ్’ అనో అర్థంకాని ఒక లైను. ‘ఈ దెయ్యాల పేర్లు బట్టీ పట్టే బదులు నాలుగు లెక్కలు చేసుకోవచ్చుగా’ అని పెద్దవాళ్లకు అనిపించడం సహజమే.

ఈ నెల ఆ ఒక్క లైను గురించే చెప్పుకుందాం. ఎందుకంటే పిల్లలు ఆలోచించడానికి ఎక్కువ పని దొరికేది అక్కడే. ఒకదానికి పేరు పెట్టి ఒక గుంపులో చేరిస్తే దాంతోపాటు ఏమేం వచ్చి చేరతాయి అన్నది ఆ లైను నేర్పే పాఠం.

ముందుగా ఆట గురించి రెండు మాటలు. దీన్ని గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేశారు. 1974లో మొదటిసారి అచ్చయింది. నలుగురైదుగురు కూర్చుని ఆడతారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ‘నేను తలుపు తీస్తాను’, ‘నేను మంత్రం వేస్తాను’ అని నోటితో చెబుతారు. అది ఫలించిందా లేదా అన్నది 20 ముఖాల పాచిక తేలుస్తుంది. స్క్రీన్ అక్కర్లేదు, డబ్బు పందెం ఉండదు.

తెలుగులో మనం రోజూ చేసే పనే

‘టైప్’ అంటే ఏమిటో అర్థం కావడానికి మన వ్యాకరణమే మంచి ఉదాహరణ. ‘రాముడు వచ్చాడు’ అంటాం, ‘ఆవు వచ్చింది’ అంటాం. చిన్నప్పుడు మనం చదువుకున్న మహద్వాచకం, అమహద్వాచకం ఇవే. ఒక మాట ఏ గుంపులో ఉందో తెలిస్తే దాని వెనక వచ్చే క్రియ ఎలా ఉండాలో తెలిసిపోతుంది. ‘రాక్షసుడు వచ్చాడు’ అంటాం, కానీ ‘దెయ్యం వచ్చింది’ అంటాం. రెండూ భయపెట్టేవే. అయినా ఒకటి ఒక గుంపులో, రెండోది ఇంకో గుంపులో ఉన్నాయి. ఇక్కడ భయం లెక్కలోకి రాదు, గుంపే వస్తుంది.

ఆటలో టైప్ చేసేదీ ఇదే. జీవి చూడ్డానికి ఎలా ఉందన్నది దానికి రెండో విషయం. ఏ రూల్స్ వర్తిస్తాయన్నది మొదటి విషయం.

టైప్ ఎందుకు కావాల్సి వచ్చింది?

మొదట్లో ఇంత పద్ధతి లేదు. 1978 నాటి ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’లో ‘చార్మ్ పర్సన్’ అనే మంత్రం ఉంది. ఎదుటివాణ్ణి కాసేపు మన మిత్రుడిగా మార్చేస్తుంది. అది ఎవరి మీద పనిచేస్తుందో చెప్పడానికి పుస్తకంలో పేర్లన్నీ వరసగా రాశారు: ఎల్ఫ్‌లు, డ్వార్ఫ్‌లు, గాబ్లిన్‌లు, కోబోల్డ్‌లు, చెట్లను అంటిపెట్టుకుని ఉండే డ్రయాడ్‌లు, రెక్కల పిక్సీలు, ఇంకా చాలా. మరి కొత్త పుస్తకంలో ఒక కొత్త జీవి వస్తే? అది జాబితాలో ఉన్నట్టా, లేనట్టా? ఏ బల్ల దగ్గరైనా ఇక వాదనే.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఈ చిక్కును సులువుగా విప్పింది. ప్రతి జీవికీ ఒక టైప్ ఇచ్చి, మంత్రానికి ‘హ్యూమనాయిడ్‌ల మీద పనిచేస్తుంది’ అన్న ఒక్క మాట పెట్టారు. రేపు వెయ్యి జీవులు కొత్తగా వచ్చినా మంత్రాన్ని తిరగరాయక్కర్లేదు. దీనివల్ల ఇంకొక మార్పూ జరిగింది. డ్రయాడ్, పిక్సీ ‘ఫే’ అనే వనదేవతల టైప్‌లోకి వెళ్లాయి. దాంతో నిన్నటిదాకా వాటి మీద పనిచేసిన మంత్రం ఇక పనిచేయకుండా పోయింది. గుంపు మారితే రూల్ మారుతుందనడానికి ఇదే సాక్ష్యం.

2003లో ఆ ఎడిషన్‌ను సవరించారు. పిల్లలు దాన్ని ‘త్రీ పాయింట్ ఫైవ్’ అంటారు. అందులో 15 టైప్‌లు ఉన్నాయి. టైప్, సబ్‌టైప్ పద్ధతి పూర్తి రూపంలో కనిపించేది అక్కడే కాబట్టి ఈ వ్యాసంలో ఉదాహరణలన్నీ ఆ రూల్స్ ప్రకారమే ఇస్తున్నాను.

టైప్‌తోపాటు ఏమొస్తాయి?

ఒక జీవికి ఒకే ఒక్క టైప్ ఉంటుంది. రెండు ఉండవు. ఆ ఒక్క మాటతో ఒక మూట మొత్తం వచ్చేస్తుంది. కొన్ని చూద్దాం.

• యానిమల్: మామూలు జంతువు. దీని తెలివి స్కోరు 1 లేదా 2 ఉండాలి. సగటు మనిషికి 10, 11 ఉంటుంది. స్కోరు 3 అయిందంటే అది ఇక ‘యానిమల్’ కాదు.

• హ్యూమనాయిడ్: మనుషులు, ఎల్ఫ్‌లు, గాబ్లిన్‌ల వంటివాళ్లు. తింటారు, నిద్రపోతారు, మాటకు లొంగుతారు.

• అన్‌డెడ్: చచ్చినా కదిలేవి. ఊపిరి, తిండి, నిద్ర అక్కర్లేదు. విషం ఎక్కదు, రోగం రాదు, మనసును లొంగదీసే మంత్రాలు పనిచేయవు. గాయం మాన్పే మంత్రం వేస్తే వీటికి గాయమవుతుంది.

• కన్‌స్ట్రక్ట్: ఎవరో తయారుచేసిన కదిలే బొమ్మలు, యంత్రాలు. వీటికీ విషం, నిద్ర లేవు. దెబ్బ తగిలితే మనిషికి మానినట్టు తనంతట తాను మానదు, ఎవరైనా రిపేరు చేయాలి.

• ఊజ్: జిగట ముద్దలు. కళ్లు లేవు కాబట్టి కంటికి కనిపించే మాయలేవీ వీటిని మోసం చేయలేవు.

జీవికి ఎంత ప్రాణబలం ఉంటుందో లెక్కగట్టే పాచిక కూడా టైప్‌తోనే వస్తుంది. ఫేలకు 6 ముఖాలది, హ్యూమనాయిడ్‌లకు 8, కన్‌స్ట్రక్ట్‌లకు 10, డ్రాగన్‌లకూ అన్‌డెడ్‌కూ 12.

ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లలు దీన్ని చూడగానే ‘ఇది క్లాస్, ఇన్‌హెరిటెన్స్ కదా’ అంటారు. నిజమే. లక్షణాలను ఒకచోట రాసి, ఆ గుంపులో చేరిన ప్రతిదానికీ వారసత్వంగా ఇవ్వడమే రెండింట్లోనూ జరిగేది.

సబ్‌టైప్: పైన అంటించే చీటీ

టైప్ ఒక్కటే ఉండాలి. సబ్‌టైప్ అసలు లేకపోవచ్చు, ఒకటి ఉండొచ్చు, నాలుగైనా ఉండొచ్చు. టైప్‌ను స్కూల్ యూనిఫామ్ అనుకుంటే సబ్‌టైప్‌లు దాని మీద పెట్టే బ్యాడ్జ్‌లు. హౌస్ బ్యాడ్జ్, లీడర్ బ్యాడ్జ్, స్కౌట్ బ్యాడ్జ్ అన్నీ ఒకే చొక్కా మీద ఉండొచ్చు.

అన్నిటికన్నా సులువైనవి ‘ఫైర్’, ‘కోల్డ్’. ఫైర్ ఉన్న జీవికి నిప్పు అంటదు, కానీ చలి దెబ్బ ఒకటిన్నర రెట్లు తగులుతుంది. కోల్డ్ ఉన్నదానికి సరిగ్గా దీనికి తలకిందులు. 20 పాయింట్ల మంట తగిలిందనుకుందాం. ఏ చీటీ లేని జీవికి 20, ఫైర్ ఉన్నదానికి 0, కోల్డ్ ఉన్నదానికి 30.

‘స్వార్మ్’ అనే సబ్‌టైప్ ఇంకా సరదాగా ఉంటుంది. ఎలుకల గుంపు, మిడతల దండు వంటివాటిని ఒక్కొక్కటిగా కాక ఒకే జీవిగా లెక్కపెడతారు. ఎలుకల గుంపు టైప్ ‘యానిమల్’, మిడతల దండు టైప్ పురుగుల గుంపైన ‘వర్మిన్’. రెండింటికీ స్వార్మ్ చీటీ ఉంది. మిడతల దండు మీద కత్తి తిప్పితే ఒక్క పాయింటు కూడా తగ్గదు. పొలంలో మిడతల్ని కత్తితో కొట్టినవాళ్లు ఎవరూ లేరు కదా, అదే తర్కం. అప్పుడు పిల్లలు పొగ, మంట, పారిపోవడం లాంటి వేరే దారులు వెతుకుతారు.

ఆరు తోడేళ్లు

ఈ పద్ధతి మొత్తం ఒక్క చూపులో అర్థం కావాలంటే ఈ ఆరింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆరింటికీ తోడేలు పోలిక ఉంది.

1. ఉల్ఫ్: యానిమల్. అడవిలో ఉండే మామూలు తోడేలు.

2. వోర్గ్: మ్యాజికల్ బీస్ట్. తోడేలులాగే ఉంటుంది కానీ తెలివి స్కోరు 6, మాట్లాడుతుంది కూడా. అందుకే అది ‘యానిమల్’ కాదు.

3. వింటర్ ఉల్ఫ్: మ్యాజికల్ బీస్ట్, పైన కోల్డ్ చీటీ. నోటి నుంచి మంచు ఊదుతుంది.

4. హెల్ హౌండ్: అవుట్‌సైడర్, అంటే వేరే లోకం నుంచి వచ్చింది. ఫైర్, ఈవిల్, లాఫుల్, ఎక్స్‌ట్రాప్లేనార్ అని నాలుగు చీటీలు.

5. ఉల్ఫ్ స్కెలిటన్: అన్‌డెడ్. తోడేలు అస్థిపంజరం.

6. వేర్‌ఉల్ఫ్: హ్యూమనాయిడ్, పైన హ్యూమన్, షేప్‌చేంజర్ చీటీలు. తోడేలుగా మారగల మనిషి.

ఇప్పుడు పిల్లల్ని అడగండి: మనసు మార్చే ‘చార్మ్ పర్సన్’ మంత్రం వీటిలో ఎవరి మీద పనిచేస్తుంది? చాలామంది ‘ఏ తోడేలు మీదా పనిచేయదు’ అంటారు. జవాబు ఆరోది. వేర్‌ఉల్ఫ్ తోడేలు రూపంలో నాలుగు కాళ్ల మీద నిలబడి పళ్లు చూపిస్తున్నా దాని టైప్ హ్యూమనాయిడే. జంతువుల కోసం ఉన్న ‘చార్మ్ యానిమల్’ దాని మీద పనిచేయదు, మనుషుల మంత్రమే పనిచేస్తుంది.

20 పాయింట్ల మంట వేస్తే? మామూలు తోడేలుకు 20, వింటర్ ఉల్ఫ్‌కు 30, హెల్ హౌండ్‌కు 0. బాణానికి విషం పూస్తే? అస్థిపంజరానికి ఏమీ కాదు. చూడ్డానికి ఆరూ ఒకలాగే ఉన్నా, ఆరింటికీ ఆరు ఉపాయాలు కావాలి. ఎదురుగా ఉన్నదాన్ని చూసి తొందరపడకుండా ‘ముందు ఇదేమిటో తెలుసుకుందాం’ అనుకోవడం పిల్లలకు అలవాటయ్యేది ఇక్కడే.

మన రాక్షసుడు అక్కడ ఎలా ఉన్నాడు?

ఈ ఆట చాలా దేశాల కథల నుంచి జీవుల్ని తెచ్చుకుంది. మన ‘రాక్షస’ 1977 నాటి ‘మాన్‌స్టర్ మాన్యువల్’లోనే ఉన్నాడు. పులి తల, అరచేయి ఉండాల్సిన చోట చేతి వెనక భాగం. మనకు రామాయణంలో బాగా తెలిసిన రాక్షసులకు ఈ రూపం లేదు. త్రీ పాయింట్ ఫైవ్‌లో అతని టైప్ అవుట్‌సైడర్. అతనికి ‘నేటివ్’ అనే చీటీ ఉంది. ‘నేటివ్’ ఉంది కాబట్టి మిగతా అవుట్‌సైడర్‌లలా కాకుండా ఇతనికి తిండి, నిద్ర కావాలి.

నాగులు కూడా ఉన్నాయి. కాపలా కాసే మంచి ‘గార్డియన్ నాగ’ను సైతం ‘అబరేషన్’ అనే టైప్‌లో పెట్టారు. అంటే ప్రకృతికి విరుద్ధంగా ఉండే వికృత జీవుల గుంపు. నాగుల చవితికి పుట్టలో పాలుపోసే ఇంట్లో పెరిగిన పిల్లలకు ఇది వింతగా తోస్తుంది. తోచాలి కూడా. ఏ జాబితా అయినా దాన్ని రాసినవాళ్లు ఎక్కడ కూర్చుని చూశారో చెబుతుందని హైస్కూల్ వయసులోనే తెలియడం మంచిదే.

మనసు మారినా పోని చీటీ

ఇక అసలు ఆలోచించాల్సిన చోటుకు వద్దాం. ‘ఈవిల్’ అన్న సబ్‌టైప్ గురించి ఆ పుస్తకంలో ఒక రూల్ ఉంది. ఆ చీటీ ఉన్న జీవి తర్వాత మనసు మార్చుకుని మంచిదైనా చీటీ పోదు. దుష్టుల మీద మాత్రమే పనిచేసే పవిత్ర ఖడ్గం దాన్ని దుష్టుడిగానే లెక్కపెట్టి, ఆ అదనపు దెబ్బ వేస్తుంది. అంతటితో ఆగదు. ఇప్పుడది మంచిది కాబట్టి, మంచివాళ్లను గాయపరిచే ఆయుధాలూ దాని మీద పనిచేస్తాయి. మారినందుకు రెండువైపుల నుంచీ దెబ్బలే.

ఇది చదవగానే మనకు గుర్తొచ్చేది విభీషణుడు. పుట్టుక రాక్షసుడిది, నిలబడింది ధర్మం వైపు. శరణు కోరి వచ్చినప్పుడు సుగ్రీవుడు అనుమానించాడు, హనుమంతుడు మంచిమాట చెప్పాడు, రాముడు అభయమిచ్చాడు. ఆట భాషలో చెప్పాలంటే, సుగ్రీవుడు చీటీ చూశాడు, రాముడు మనిషిని చూశాడు. ఈ ఆట ఆడే పిల్లలకు ఈ ఘట్టం చెప్పి ‘రూల్ ప్రకారం విభీషణుడికి ఏమవుతుంది? అది న్యాయమా?’ అని అడిగితే, ఎనిమిదో తరగతి పిల్లలు కూడా అరగంట ఆగకుండా వాదించగలరు.

అదే పుస్తకంలో దీనికి భిన్నమైన ఇంకో సబ్‌టైప్ ఉంది. పేరు ‘ఆగ్మెంటెడ్’. ఏ కారణం వల్లనైనా జీవి టైప్ మారితే, కొత్త టైప్ రాసి, పక్కన పాతదాన్ని కూడా రాస్తారు. మాంత్రికుడు పెంచుకునే కాకి మంత్రబలంతో తెలివి పెంచుకుంటే ‘మ్యాజికల్ బీస్ట్, ఆగ్మెంటెడ్ యానిమల్’ అవుతుంది. ఒకప్పుడు ఇది, ఇప్పుడు ఇది. పాతదాన్ని దాచలేదు, కానీ ముందు నిలబెట్టింది ఇప్పటి రూపాన్నే.

ఆట తయారుచేసేవాళ్లు కూడా ఈ విషయంలో మారుతూ వచ్చారు. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్‌లో టైప్‌లు 14 అయ్యాయి. సబ్‌టైప్‌లు పేరు పక్కన గుర్తులుగా మిగిలాయి, వాటికి సొంత రూల్స్ లేవు. ఏ జీవికి ఏది అంటదో దాని పేజీలోనే రాస్తారు. 2020లో ఈ ఆట ప్రచురణకర్తలైన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, ఓర్క్‌లూ డ్రౌలూ పుట్టుకతోనే చెడ్డవాళ్లన్నట్టు ఇక చూపించబోమని ప్రకటించారు. 2025 ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో గాబ్లిన్ టైప్‌ను హ్యూమనాయిడ్ నుంచి ఫేకి మార్చారు. ఒక్క మాట మారింది, దాంతో కొత్త రూల్స్‌లో ‘చార్మ్ పర్సన్’ గాబ్లిన్‌ల మీద పనిచేయడం మానేసింది. అంటే చీటీలు రాసేదీ మనుషులే, తిరగరాసేదీ మనుషులే.

ఇళ్లలో, స్కూళ్లలో మనమూ చీటీలు అంటిస్తూనే ఉంటాం. ‘వీడు మ్యాథ్స్‌లో వీక్’, ‘ఇది నోరు విప్పదు’, ‘అన్న అలా కాదు, వీడే ఇలా’. ఆరో తరగతిలో అన్న మాట తొమ్మిదో తరగతి దాకా వెంట వస్తుంది. మధ్యలో ఆ పిల్లాడు ఎంత మారినా, మార్కులు తగ్గిన రోజు పాత చీటీయే బయటికి తీస్తాం. పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ఆగ్మెంటెడ్ పద్ధతి మేలు. ‘పోయినేడు చదవడానికి ఇబ్బంది పడేది, ఇప్పుడు పేజీ మొత్తం తడుముకోకుండా చదువుతోంది’ అని చెబితే రెండూ నిజమే. టీచర్లకూ పేరెంట్స్‌కూ ఇద్దరికీ ఈ మాట వర్తిస్తుంది.

ఇంట్లో చేయదగ్గవి

• పిల్లలతో కలిసి కార్డులు రాయండి. పైన జీవి పేరు, కింద టైప్, ఆ కింద సబ్‌టైప్‌లు, చివర ‘అందువల్ల ఏం జరుగుతుంది’ అన్న ఒక వాక్యం. దోమల గుంపు, వాషింగ్ మెషీన్, బొమ్మల కొలువులో బొమ్మకు ప్రాణం వస్తే, ఇలా మొదలుపెట్టొచ్చు. చివరి వాక్యం రాయలేకపోతే ఆ చీటీ అక్కర్లేదని అర్థం.

• పోకీమాన్ ఇష్టపడే చిన్నపిల్లలకు ఆ ఆటనే చూపండి. అక్కడ 18 టైప్‌లు, ఒక్కో పోకీమాన్‌కు రెండు దాకా ఉండొచ్చు. చారిజార్డ్‌కు ఫైర్, ఫ్లయింగ్ రెండూ ఉన్నాయి కాబట్టి రాయి దెబ్బ నాలుగు రెట్లు తగులుతుంది. ‘ఒకే టైప్ ఉంటే మేలా, రెండుంటే మేలా?’ అని అడగండి.

• సైన్స్ పరీక్షలో దీన్ని కలపకూడదని గట్టిగా చెప్పండి. జీవశాస్త్రంలో వర్గీకరణకు జీవుల మధ్య బంధుత్వం ఆధారం. ఆటలో రూల్స్ సౌకర్యమే ఆధారం. ఈ తేడా తమ మాటల్లో చెప్పగలిగితే పాఠం నిజంగా అర్థమైనట్టే.

• ఖరీదైన పుస్తకాలు కొనక్కర్లేదు. అయిదో ఎడిషన్ ప్రాథమిక రూల్స్‌ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద అందరికీ ఉచితంగా విడుదల చేశారు. డౌన్‌లోడ్ చేసుకోవడం చట్టబద్ధమే. పాచికలు లేకపోతే 1 నుంచి 20 వరకు చీటీలు రాసి డబ్బాలో వేసుకున్నా చాలు.

• కొన్ని బొమ్మలు చిన్నపిల్లల్ని భయపెడతాయి. ముందు మీరు ఒకసారి తిరగేయండి. ఈ ఆట ఆధారంగా వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’ వీడియో గేమ్ పెద్దల కోసం చేసింది, పిల్లలకు ఇవ్వకండి. ఎంతసేపు ఆడాలో మొదలుపెట్టకముందే మాట్లాడుకోండి.

ఈసారి మీ పిల్లలు ఒక వింతజీవి పేరు చెబితే ‘అది మంచిదా, చెడ్డదా?’ అని కాకుండా మూడు ప్రశ్నలు అడిగి చూడండి. దాని టైప్ ఏమిటి? ఆ టైప్ వల్ల ఏం మారుతుంది? ఆ టైప్ ఇచ్చింది ఎవరు? మొదటి ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఉంటుంది. రెండోదానికి కాస్త లెక్క వేయాలి. మూడోదానికి మీరూ వాళ్లూ కలిసి కూర్చోవాలి.